కాలనీ గ్రూపులో మెసేజ్ మార్చడం, తీసేయడం: గొడవ రాకుండా పద్ధతి పెట్టుకోవడం ఎలా?

రాత్రి తొమ్మిదికి గ్రూపులో ఒకాయన "రేపు పొద్దున మన లైన్‌కి నీళ్ళు రావంట, ఇప్పుడే పట్టుకోండి" అని పెడతాడు. సగం వీధి లేచి డ్రమ్ములు, బిందెలు నింపుకుంటుంది. పది నిమిషాలకు, నీళ్ళు రానిది మన లైన్‌కి కాదు, కొర్లగుంట వైపు అని ఆయనకు తెలుస్తుంది. చప్పుడు చేయకుండా ఆ మెసేజ్‌నే "కొర్లగుంట వైపు రావంట" అని మార్చేస్తాడు. మర్నాడు నీళ్ళు మామూలుగానే వస్తాయి. "నీళ్ళు రావని చెప్పిందెవరు?" అని ఒకావిడ అడిగితే, "మన లైన్ అని నేనెప్పుడన్నాను, పైకెళ్ళి చూడండి" అంటాడాయన. పైకెళ్ళి చూస్తే ఆయన మాటే కరెక్ట్. అక్కడినుంచి మొదలయ్యే రచ్చకు నీళ్ళతో సంబంధం ఉండదు.

మీరు తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక కాలనీకో, అపార్ట్‌మెంట్‌కో, జాతర కమిటీకో అడ్మిన్ అయితే ఇలాంటిది మీకు కొత్త కాదు. గ్రూపులో గొడవలు తప్పుడు మాట వల్ల వచ్చేవి తక్కువ. ఆ మాటను తర్వాత ఎవరో మార్చడం వల్ల, మాయం చేయడం వల్ల వచ్చేవే ఎక్కువ. దీనికి ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. ఒక ఆదివారం సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని.

ముందు మీ యాప్ ఏం చేయనిస్తుందో చూసుకోండి

నియమం రాసే ముందు ఇది తెలియాలి. యాప్‌లో వీలుకాని దాన్ని నియమంగా పెడితే ఎవరూ పాటించలేరు.

వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల లోపు ఎడిట్ చేయొచ్చు. ఈ సౌకర్యం 2023 మే నెలలో వచ్చింది. మార్చాక మెసేజ్ పక్కన 'ఎడిటెడ్' అని పడుతుంది. ఆ అక్షరాలు కనబడాలంటే మా వీధి పెద్దవాళ్ళకు కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు కావాలి. అసలు చిక్కు అది కాదు. ముందు ఏముండేదో ఎవరికీ చూపించదు, మార్చినట్టు ఎవరి ఫోనూ మోగదు. అంటే తొమ్మిదికి చదివి పడుకున్న మనిషికి తొమ్మిదీ పదికి మారిన సంగతి తెలిసే దారే లేదు. పై కథలో జరిగింది ఇదే.

తీసేయడం వేరే లెక్క. 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' 2017లో వచ్చినప్పుడు గడువు 7 నిమిషాలే. తర్వాత గంట దాటింది, 2022లో రెండు రోజుల పైచిలుకుకు పెరిగింది. తీసేసిన చోట 'మెసేజ్ డిలీట్ చేశారు' అన్న గుర్తు మిగులుతుంది. అదే ఏడాది అడ్మిన్లకు ఇతరుల మెసేజ్ తీసేసే వీలు కూడా వచ్చింది. అడ్మిన్ తీస్తే ఏ అడ్మిన్ తీశారో పేరుతో సహా అక్కడ పడుతుంది. కాబట్టి "నేను తీయలేదు" అనే అవకాశం మీకు లేదు. అడ్మిన్ అయినా ఇంకొకరి మెసేజ్‌ను ఎడిట్ మాత్రం చేయలేరు. అది మంచిదే.

టెలిగ్రామ్ గ్రూపుల్లో ఎడిట్‌కు 48 గంటల టైమ్ ఉంటుంది. తీసేస్తే గుర్తు కూడా మిగలదు, అసలు ఆ మెసేజ్ ఎప్పుడూ లేనట్టే. కానీ పెద్ద గ్రూపుల్లో 'రీసెంట్ యాక్షన్స్' అని అడ్మిన్లకు మాత్రం కనబడే పట్టీ ఒకటి ఉంది. గత 48 గంటల్లో ఎవరు ఏం మార్చారో, ఏం తీసేశారో అందులో చూడొచ్చు. అడ్మిన్లు చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తెరిచి ఉండరు.

ఇంకో సంగతి సభ్యులందరికీ తెలియాలి. తీసేస్తే పోయినట్టు కాదు. ఎవరైనా ఆ మెసేజ్‌ను కోట్ చేసి జవాబిచ్చి ఉంటే, ఆ జవాబు పైన పాత మాట అలాగే ఉంటుంది. ఫార్వర్డ్ అయిన కాపీల జోలికి యాప్ పోదు. ఐఫోన్‌లో ఫోటో అప్పటికే గ్యాలరీలో సేవ్ అయి ఉంటే అక్కడే ఉండిపోతుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి 'నోటిఫికేషన్ హిస్టరీ' అని ఒకటి ఉంది, అది ఆన్‌లో పెట్టుకున్నవాళ్ళు తీసేసిన మెసేజ్‌ను కూడా ఒక రోజు వరకు చదవగలరు. స్క్రీన్‌షాట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కోపంలో రాసి రెండు నిమిషాల్లో తీసేశాం కదా అని ధైర్యంగా పడుకునేవాళ్ళకు ఈ పేరా చూపించండి.

ఏ మాట ఎవరిదో తేల్చుకోండి

ఇది ఒక్కటి ఒప్పుకుంటే మిగతా నియమాలన్నీ దీన్నుంచే వస్తాయి. ఎవరూ పట్టించుకోనంత వరకు మెసేజ్ రాసినవాళ్ళ సొంతం. దిద్దుకోవచ్చు, తీసేసుకోవచ్చు, అడిగే హక్కు ఎవరికీ లేదు. ఎవరైనా దానికి జవాబిచ్చినా, దాన్ని నమ్మి ఒక పని చేసినా, అప్పటినుంచి అది రాసినవాళ్ళ ఒక్కరిదే కాదు. దాన్ని మారిస్తే జవాబిచ్చినవాళ్ళు పిచ్చివాళ్ళలా కనబడతారు.

పెద్ద పెద్ద వేదికలు కూడా తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చాయి. ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో మీరడిగిన ప్రశ్నకు ఎవరైనా జవాబిచ్చి, దానికి ఓటు కూడా పడితే, ఇక ఆ ప్రశ్నను మీరు తీసేయలేరు. చర్చల సైట్ రెడిట్‌లో రాసినవాళ్ళు తమ మాట తీసేస్తే అది పోతుంది, పేరూ పోతుంది. కింద ఇతరులు రాసిన జవాబులు మాత్రం ఉంటాయి. ఫేస్‌బుక్‌లో పోస్టు మారిస్తే పాత రూపాలు 'ఎడిట్ హిస్టరీ'లో చూడొచ్చు. వికీపీడియాలో ఒక కామా మార్చినా ఎవరు, ఎప్పుడు మార్చారో నిలిచిపోతుంది. దారులు వేరైనా అందరూ చూసుకున్నది ఒకటే, జవాబిచ్చినవాడికి అన్యాయం జరగకూడదు. వాట్సాప్ ఈ పని మన బదులు చేయదు కాబట్టి మనమే చేసుకోవాలి.

ఎడిట్‌కు గీత గీయండి

అక్షర దోషం, ఊరి పేరులో తప్పు పడిన అక్షరం, సగం టైప్ అయ్యి పోయిన వాక్యం, ఆటోకరెక్ట్ చేసిన ఘనకార్యం, ఇవన్నీ చెప్పకుండా దిద్దుకోవచ్చు. వీటికి కూడా అనుమతి అడగమంటే గ్రూపులో ఎవరూ నోరు తెరవరు.

తారీఖు, టైము, చోటు, డబ్బు, మనిషి పేరు, 'ఉంది', 'లేదు' అనేవి మారుతుంటే మాత్రం ఎడిట్ వద్దు. పాత మెసేజ్‌ను కోట్ చేసి, కింద కొత్తగా రాయాలి. ఇలా:

"సవరణ: నీళ్ళు రానిది మన లైన్‌కి కాదు, కొర్లగుంట వైపు. పైన నేను పెట్టింది తప్పు."

ఇలా చేస్తే రెండు లాభాలు. అందరి ఫోనూ మళ్ళీ మోగుతుంది. పాత మాట ఎందుకు తప్పో కూడా అక్కడే కనబడుతుంది. 'సవరణ' అన్న మాటతోనే మొదలుపెట్టాలని పట్టుబట్టండి. ఆరు నెలల తర్వాత వెతకాలన్నా ఆ ఒక్క మాట టైప్ చేస్తే చాలు.

మన ఊళ్ళో ఈ నియమం మరీ ముఖ్యం కావడానికి కారణం తిరుమల. తిరుపతిలో ఉన్న పాపానికి, కాదు పుణ్యానికి, మదనపల్లె మేనమామ దగ్గర్నుంచి హైదరాబాద్ తోడికోడలి దాకా అందరూ మననే అడుగుతారు. "శ్రీనివాసంలో దర్శనం టోకెన్లు ఇస్తా ఉండారా?" "ఘాట్ రోడ్డు తెరిచారా?" మీ గ్రూపులో "ఈ రోజు టోకెన్లు అయిపోయాయి" అని ఒకరు పెడితే, అది పది నిమిషాల్లో పది ఊళ్ళు దాటుతుంది. ఆ తర్వాత మీరిక్కడ ఎడిట్ చేసినా, డిలీట్ చేసినా, అక్కడికి చేరిన కాపీ మారదు. ఎవరో బస్ టికెట్ క్యాన్సిల్ చేసుకుని ఉంటారు.

అందుకే దర్శనం, టోకెన్లు, ఘాట్ రోడ్డు, రైళ్ళకు సంబంధించిన మెసేజ్‌లకు ఒక అదనపు షరతు పెట్టండి. మెసేజ్‌లోనే టైమ్, చోటు రాయాలి. "ఉదయం 6:20, భూదేవి కాంప్లెక్స్ దగ్గర నేను చూసింది" అని ఉంటే, మధ్యాహ్నం చదివినవాడు అది పొద్దుటి మాట అని తెలుసుకుంటాడు. ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌కు అసలు టైమ్ పోయి, ఫార్వర్డ్ చేసిన టైమ్ మాత్రమే కనబడుతుందని మర్చిపోకండి. సవరణ పెట్టినప్పుడు చివర "ఎవరికైనా పంపి ఉంటే ఇది కూడా పంపండి" అని ఒక ముక్క కలపండి. అందరూ పంపరు. కొందరు పంపుతారు, అది చాలు.

వానల రోజుల్లో ఇది ఇంకా గట్టిగా ఉండాలి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు మునిగిన రోజుల్లోనే రాయలచెరువు కట్టకు లీకేజీ ఏర్పడి, కింది ఊళ్ళవాళ్ళను ఖాళీ చేయించారు. అలాంటి రోజున గ్రూపులో నిమిషానికొక మాట వస్తుంది, గంటలోనే పరిస్థితి మారిపోతుంది. పది గంటలకు నిజమైన మాట పదకొండుకు తప్పవుతుంది. అది రాసినవాడి తప్పు కాదు. వాటిని తీసేయడం మొదలుపెడితే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస పోతుంది. ఆ రోజులకు ఒకటే రూలు: టైమ్ వేసి రాయండి, దేన్నీ తీయకండి, మార్చకండి, కింద కొత్తది రాయండి. మరీ గందరగోళంగా ఉంటే సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా కొన్ని గంటలు మార్చేయండి. సమాచారం ఉన్నవాళ్ళను అడ్మిన్‌కు ఫోన్ చేయమనండి.

వెంటనే తీసేయాల్సినవి ఏవో ముందే చెప్పండి

'తప్పు మాట తీయకండి, సవరించండి' అన్నది సమాచారానికి. మనిషికి హాని చేసే వాటికి అది వర్తించదు. వాటికి ఎవరు జవాబిచ్చినా, ఎంత చర్చ నడిచినా, ముందు తీసేయాలి. మాట్లాడుకోవడం తర్వాత.

ఆధార్ కార్డు ఫోటో వీటిలో మొదటిది. అద్దెకు వచ్చేవాళ్ళ వివరాలనీ, జాతరలో వాలంటీర్ పాస్ కోసమనీ జనం గ్రూపులోనే పెట్టేస్తుంటారు. తీయించి, మాస్క్‌డ్ ఆధార్ గురించి చెప్పండి. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైట్‌లో దొరుకుతుంది, చివరి నాలుగు అంకెలే కనబడతాయి. అదైనా గ్రూపులో కాదు, అవసరమైనవాళ్ళ ఒక్కరికే పంపాలి. ఓటీపీలు, బ్యాంకు వివరాలు, గేటు తాళం నంబర్లు, ఎవరి ఆస్పత్రి రిపోర్టులు, అడగకుండా పెట్టిన ఆడవాళ్ళ ఫోన్ నంబర్లు కూడా ఇంతే. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో వచ్చిన చట్టంలో సరిదిద్దించుకునే, తుడిపించుకునే హక్కులు ఉన్నాయి. అది మీ గ్రూపుకు ఎంతవరకు వర్తిస్తుందని వాదించుకునే లోపు నంబర్ తీసేయడం తేలిక.

తప్పిపోయినవాళ్ళ ఫోటోల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది యాత్రికుల ఊరు. రైల్వే స్టేషన్ దగ్గరో, అలిపిరిలోనో, గంగమ్మ జాతర రద్దీలోనో ఒక పాప చేయి జారిపోతుంది. ఫోటో, పేరు, తండ్రి నంబరుతో మెసేజ్ పుడుతుంది. అరగంటలో పాప దొరుకుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మెసేజ్ మాత్రం ఆగదు. రెండేళ్ళ తర్వాత కూడా ఆ తండ్రికి ఎక్కడో శ్రీకాకుళం నుంచి "మీ పాప దొరికిందా సార్?" అని ఫోన్ వస్తుంది. ఇక్కడ చేయాల్సింది వరుసగా ఇదీ. పాప దొరికిందని పోలీసుల నుంచో ఇంటివాళ్ళ నుంచో ఖాయం చేసుకోండి. ఫోటో ఉన్న మెసేజ్‌ను కోట్ చేసి, "దొరికింది, ఇక పంపకండి" అని తారీఖు వేసి పెట్టండి. అందరూ చూశాక, ఆ రాత్రికి ఫోటో తీసేయండి. మర్నాటికి, ఎల్లుండికి అని వాయిదా వేస్తూ పోతే డిలీట్ గడువు దాటిపోతుంది. ముందు తీసేసి తర్వాత చెబితే, జనం తమ ఫోన్లో ఉన్న కాపీని ఇంకా వెతుకుతున్నారనుకుని పంపుతూనే ఉంటారు. అందుకే వరుస ముఖ్యం.

పిల్లల ఫోటోలు మామూలు సందర్భాల్లో పడినా చూడండి. యూనిఫాం మీద స్కూలు పేరు, వెనక ఇంటి నంబరు కనబడుతుంటే ముందు తీసేసి, పెట్టినవాళ్ళకు విడిగా ఫోన్ చేయండి. "అన్నా, పాప స్కూలు పేరు కనబడతా ఉంది, అందుకే తీసేశా నా" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. అదే మాట గ్రూపులో అందరి ముందు అంటే అనుకుంటారు.

డబ్బు మాటలు ముట్టుకోకండి

వినాయక చవితి చందాలు, జాతర ఖర్చు, బోరు రిపేరు వాటా, వాచ్‌మన్ జీతం. వీటిలో ఎడిట్ కూడా వద్దు, 15 నిమిషాల లోపైనా సరే. ఒక సున్నా తక్కువ పడిందా? కింద 'సవరణ' పెట్టండి. పాత అకౌంటు పుస్తకంలో అంకె తప్పుపడితే రబ్బరుతో చెరపకుండా, అడ్డంగా గీత కొట్టి పక్కన సరైన అంకె వేసి సంతకం చేసేవాళ్ళు కదా, అదే ఇది. చెరిపిన చోటే అనుమానం పుడుతుంది.

చందా ఇచ్చినవాళ్ళ జాబితాను ఒకరు కాపీ చేసి, తమ పేరు కలిపి, మళ్ళీ పెట్టే అలవాటు మనకుంది. నలుగురు ఒకేసారి చేస్తే ఒకరి పేరు ఎగిరిపోతుంది. ఆ ఎగిరిన పేరు ఎప్పుడూ వీధిలో ఎక్కువ మాట్లాడే మనిషిదే అయి ఉంటుంది, అదేం విచిత్రమో. జాబితా రాసే పని ఒక్కరికే ఇవ్వండి. మిగతావాళ్ళు "నాది 1,116 పంపాను" అని వేరే మెసేజ్ పెట్టాలి, తీయకూడదు. ఆయన రాత్రికి ఒకసారి మొత్తం జాబితాను తారీఖుతో పెడతాడు, నిన్నటి జాబితా నిన్నటిదిగానే ఉంటుంది.

పోల్ పెట్టి నిర్ణయం తీసుకునేటప్పుడు కూడా జాగ్రత్త. వాట్సాప్ పోల్‌లో ఓటు వేసినవాళ్ళు తర్వాత ఓటు మార్చుకోవచ్చు. సీసీ కెమెరాలకు 'సరే' అన్నవాళ్ళు డబ్బు అడిగేసరికి 'వద్దు'లోకి వెళ్ళిపోవడం అందుకే వీలవుతుంది. పోల్ పెట్టేటప్పుడే "ఆదివారం రాత్రి 8 వరకు" అని రాసి, 8 గంటలకు స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టేయండి. లెక్క ఆ ఫోటోదే.

మీరు తీసేటప్పుడు ఎలా తీయాలి

అడ్మిన్ పనిలో చెడ్డపేరు వచ్చేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

ఆధార్, పిల్లల ఫోటోల వంటివి అయితే ముందు తీసి, వెంటనే ఫోన్ చేయండి. మిగతా వాటికి ముందు ఫోన్. పెద్దాయన ఒకరు రాత్రి పన్నెండుకు ఏదో పార్టీ వీడియో పెట్టారనుకోండి. "మామా, నిద్ర పట్టలేదా? ఆ వీడియో మన గ్రూపుకొద్దు, నువ్వే తీసేయి, నేను తీస్తే నా పేరు పడతాది" అంటే ఆయనే తీస్తాడు. ఎలా తీయాలో తెలియదంటే మెసేజ్ మీద వేలు నొక్కి పట్టుకోమని ఫోన్లోనే చెప్పండి. ఒక హెచ్చరిక: 'డిలీట్ ఫర్ మీ' నొక్కితే ఆయన ఫోన్లో మాత్రమే పోయి, గ్రూపులో అలాగే ఉంటుంది. పెద్దవాళ్ళు ఎక్కువగా నొక్కేది అదే. నొక్కిన వెంటనే కింద కొన్ని సెకన్లు 'అన్‌డూ' కనబడుతుంది, దాన్ని నొక్కించి మళ్ళీ సరిగ్గా చేయించండి. ఆ సెకన్లు దాటితే ఇక మీరే తీయాలి.

మీరు తీయక తప్పనప్పుడు, తీయకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. టైమ్, పేరు కనబడేలా ఉండాలి. తర్వాత గ్రూపులో ఒకే వాక్యం: "ఒకరి ఫోన్ నంబర్ ఉన్నందున పై మెసేజ్ తీశాను." ఎవరు పెట్టారో మళ్ళీ చెప్పొద్దు, నీతి బోధ వద్దు. కారణం చెప్పకుండా తీస్తే, తీసిన దానికంటే పెద్ద ఊహ పుడుతుంది. తనను విమర్శించిన మెసేజ్‌ను అడ్మిన్ తనే తీయకూడదు అన్నది కూడా రాసి పెట్టుకోండి. అది తీయాల్సిందే అయితే ఇంకో అడ్మిన్ తీయాలి. అందుకే కనీసం ఇద్దరు అడ్మిన్లు ఉండాలి. వాళ్ళిద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకపోతే మరీ మంచిది.

ఇద్దరు తిట్టుకున్నప్పుడు ఒకరి మెసేజ్ మాత్రమే తీయకండి. ఒకడు రెచ్చగొట్టి తన మాట తీసేసుకుంటాడు, రెండోవాడి బూతు మాత్రం మిగులుతుంది. పొద్దున లేచి చూసినవాళ్ళకు రెండోవాడే దోషి. ఇలాంటి చోట, తీస్తే ఇద్దరివీ తీయండి, లేదంటే రెండూ ఉంచండి. తమ మాటకు జవాబు వచ్చాక దాన్ని మాయం చేసే అలవాటు ఎవరికైనా ఉంటే, వాళ్ళతో ఒకసారి విడిగా మాట్లాడండి. మళ్ళీ చేస్తే, జవాబిచ్చినవాళ్ళు అసలు మాటను కోట్ చేసి పెట్టుకునే హక్కు ఉందని గ్రూపులో అందరికీ చెప్పేయండి. దాంతో చాలావరకు ఆగుతుంది.

బెదిరింపు, మోసం అయితే తీసే ముందు ఆగండి

ఎవరినైనా బెదిరించారు, ఆడపిల్ల ఫోటో మార్ఫ్ చేసి పెట్టారు, డబ్బు మోసం లింకు పెట్టారు. చూడగానే తీసేయాలనిపిస్తుంది. తీయాలి కూడా, కానీ ముందు ఆధారం దాచాలి. మెసేజ్, పంపినవాళ్ళ నంబరు, టైమ్ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఆ ఫోన్‌ను ఫార్మాట్ చేయకండి. ఆ తర్వాతే తీయండి. అసభ్యమైన ఫోటో అయితే దాన్ని ఎవరికీ 'ఆధారం' పేరుతో ఫార్వర్డ్ చేయకండి, నేరుగా పోలీసులకే చూపించండి. డబ్బు పోయి ఉంటే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

కోర్టు దాకా వెళితే ఒట్టి స్క్రీన్‌షాట్ సరిపోదు. ఎలక్ట్రానిక్ ఆధారానికి సర్టిఫికెట్ కావాలి. పాత సాక్ష్య చట్టంలో 65బి అనేవాళ్ళు, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అది 63వ సెక్షన్. ఇది లాయరు చూసుకునే పని, మీ వంతు అసలు ఫోన్‌ను భద్రంగా ఉంచడమే. కేసు అవుతుందని తెలిసీ మెసేజ్‌లు చెరిపేయడం మాత్రం నేరమయ్యే వీలుంది. "గొడవెందుకులే అన్నా, తీసేయ్" అని ఎవరు ఒత్తిడి చేసినా ఒప్పుకోకండి.

సభ్యుడు పెట్టిన చెత్తకు అడ్మిన్ జైలుకు పోతాడా అన్నది అందరి టెన్షన్. బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో, వేరొకరు పెట్టిన మెసేజ్‌కు కేవలం అడ్మిన్ అయినందుకే బాధ్యుణ్ని చేయలేమని చెప్పాయి. అందులో అడ్మిన్ పాత్ర కూడా ఉంటే అది వేరే విషయం. కాబట్టి భయపడి గ్రూపు మొత్తాన్నే మూసేయాల్సిన పని లేదు.

గ్రూపు వదిలిపోయేవాళ్ళు

ఇల్లు మారో, అలిగో ఒకరు వెళ్ళిపోతూ "నా మెసేజ్‌లన్నీ తీసేయండి" అంటారు. గ్రూపు వదిలినంత మాత్రాన పాతవి పోవు. రెండు మూడు రోజులు దాటినవాటిని వాట్సాప్‌లో అందరి ఫోన్లలోంచి వాళ్ళే తీయలేరు. ఈ మాట మర్యాదగా చెప్పి, వాళ్ళ నంబరు, చిరునామా, పిల్లల ఫోటోలు ఉన్నవి చెప్పమనండి. వాటిని మిగతా సభ్యులు తమ ఫోన్లలో తీసేయమని అడగొచ్చు. టెలిగ్రామ్ అయితే పాతవి కూడా అందరికీ పోయేలా తీయొచ్చు, అక్కడ మాత్రం వాళ్ళు వెళ్ళకముందే ఒక మాట అడగండి. బోరు కాంట్రాక్టరు వివరాలు, డ్రైనేజీ ఫిర్యాదు నంబర్ల వంటివి నలుగురికీ పనికొచ్చేవి వాళ్ళు రాసి ఉంటే, పేరు లేకుండా వేరే మెసేజ్‌గా ఉంచుకోవచ్చా అని. చాలామంది సరేనంటారు.

రాసి పెట్టండి

పది పాయింట్ల రాజ్యాంగం రాస్తే ఎవరూ చదవరు. ఇంత చాలు, మీ మాటల్లోకి మార్చుకోండి:

"అక్షర దోషాలు దిద్దుకోండి. తారీఖు, టైము, చోటు, డబ్బు మారితే ఎడిట్ వద్దు, కింద 'సవరణ' అని రాయండి. ఎవరైనా జవాబిచ్చిన మెసేజ్ తీయకండి. ఆధార్, ఓటీపీ, పిల్లల వివరాలు కనబడితే అడ్మిన్ వెంటనే తీసేస్తారు, కారణం చెబుతారు. డబ్బు లెక్కలు తీయరాదు, మార్చరాదు. అభ్యంతరం ఉంటే అడ్మిన్‌కు ఫోన్ చేయండి, గ్రూపులో వద్దు."

దీన్ని గ్రూపు డిస్క్రిప్షన్‌లో పెట్టండి. పిన్ కూడా చేయొచ్చు కానీ వాట్సాప్‌లో పిన్ గరిష్ఠంగా 30 రోజులే ఉంటుంది, మళ్ళీ చేయాలి. పెట్టే ముందు రెండు రోజులు గ్రూపులో చర్చకు వదలండి. ఎవరో ఒకరు "మరి గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల సంగతేంటి?" అని తప్పకుండా అడుగుతారు. అది వేరే యుద్ధం, దీంట్లో కలపకండి.

చదవడం ఇబ్బందిగా ఉన్నవాళ్ళ కోసం ఇదే మాటను ఒక వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేసి పెట్టండి, నిమిషం కూడా పట్టదు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళను చేర్చేటప్పుడు డిస్క్రిప్షన్ చదవమని అడగండి. మొదటి నెలలో వాళ్ళు పొరపాటున ఏదైనా తీసినా, మార్చినా గ్రూపులో అనకుండా ఫోన్లో చెప్పండి.